ఫాఫ్సా: దరఖాస్తు పిల్లలది, ఆదుర్దా పెద్దలది

టెక్సస్‌లో ఒక తెలుగు ఇల్లు ఉందనుకుందాం. తండ్రిది హెచ్-1బి ఉద్యోగ వీసా, తల్లిది ఆయన మీద ఆధారపడి వచ్చే హెచ్-4. పెద్దమ్మాయి హైదరాబాద్‌లో పుట్టి మూడేళ్ల వయసులో అమెరికా వచ్చింది, ఆమెదీ హెచ్-4. చిన్నవాడు డాలస్‌లో పుట్టాడు, కాబట్టి అమెరికా పౌరుడు. ఇద్దరూ ఒకే బడిలో చదివారు, ఒకే బల్ల దగ్గర అన్నం తిన్నారు, ఒకే జీతం మీద పెరిగారు. కాలేజీ చదువుకు ప్రభుత్వ సాయం కోరే ఫాఫ్సా అనే దరఖాస్తు దగ్గరికి వచ్చేసరికి చిన్నవాడికి తలుపు తెరుచుకుంటుంది, అక్కకు తెరుచుకోదు. ఆ తలుపు దగ్గర తండ్రి వీసా ఏమిటని ఎవరూ అడగరు. అడిగేది చదువుకోబోయే పిల్లల సంగతే.

మన ఇళ్లలో పన్నులు, బీమాలు, బ్యాంకు ఖాతాలు అన్నీ ఎవరో ఒక్కరే చూసుకుంటారు. చాలా చోట్ల ఆ ఒక్కరు తండ్రి. ఫాఫ్సా వచ్చినప్పుడు కూడా అలవాటు ప్రకారం ఆయనే కూర్చుంటారు. కొడుకు పేరున ఖాతా తన ఈమెయిల్‌తో తెరుస్తారు, తన ఫోను నంబరు ఇస్తారు, తన ఖాతాకూ అదే నంబరు ఇవ్వబోతే కుదరదని సమాధానం వస్తుంది, చిరాకు మొదలవుతుంది. ఈ దరఖాస్తులో మనవాళ్లు పడే ఇబ్బందుల్లో చాలా వాటికి మూలం ఒకటే: ఇది తల్లిదండ్రుల దరఖాస్తు అనుకోవడం. కాదు. ఇది విద్యార్థి దరఖాస్తు. తల్లిదండ్రులు అందులో తమ వంతు వివరాలు ఇచ్చి సంతకం పెట్టే సహకారులు. ఫారంలో వాళ్లకు పెట్టిన పేరు కూడా అదే, కాంట్రిబ్యూటర్.

ఫాఫ్సా అంటే ఫ్రీ అప్లికేషన్ ఫర్ ఫెడరల్ స్టూడెంట్ ఎయిడ్. దీని వెనుక ఉన్న ఉన్నత విద్యా చట్టం మీద 1965 నవంబరు 8న అధ్యక్షుడు లిండన్ జాన్సన్ టెక్సస్‌లోని శాన్ మార్కస్‌లో, తాను చదువుకున్న కాలేజీలోనే సంతకం చేశారు. ఈ పేరుతో ఒకే ఉచిత ఫారం రావడానికి దారి వేసింది మాత్రం 1992 సవరణలు. పేరులో మొదటి మాటకే ఉచితం అని అర్థం ఉన్నా, దీన్ని నింపిపెడతామంటూ డబ్బు అడిగే సైట్లు ఇప్పటికీ దొరుకుతాయి. విద్యాశాఖ సైటు స్టూడెంట్‌ఎయిడ్ డాట్ గవ్ ఒక్కటే. ఎక్కడైనా కార్డు నంబరు అడిగారంటే మీరు దారి తప్పారన్నమాట.

ఎవరికి వర్తిస్తుంది

విద్యార్థి అమెరికా పౌరుడైనా, గ్రీన్ కార్డు ఉన్నా, శరణార్థుల వంటి మరి కొన్ని వర్గాల్లో ఉన్నా అర్హత ఉంటుంది. తల్లిదండ్రులు హెచ్-1బిలో ఉన్నా, ఎల్-1లో ఉన్నా, అసలు అమెరికాలోనే లేకపోయినా పిల్లల అర్హత చెక్కుచెదరదు. ఈ చివరి మాట హైదరాబాద్, విజయవాడ పాఠకులు కొందరికి నేరుగా తగులుతుంది. అమెరికాలో కొన్నేళ్లు ఉద్యోగం చేసి, అక్కడ బిడ్డ పుట్టాక తిరిగి వచ్చేసిన కుటుంబాలు మన నగరాల్లో తక్కువేమీ కాదు. ఆ బిడ్డ కూకట్‌పల్లిలో ఇంటర్ పూర్తిచేసి అమెరికాలో డిగ్రీలో చేరాలనుకుంటే ఫాఫ్సా నింపవచ్చు. తల్లిదండ్రులు ఆ ఏడాది అమెరికాలో పన్నులు కట్టకపోయినా సరే, రూపాయల ఆదాయాన్ని ఫారం నింపే రోజుకు దగ్గరి మారకం రేటుతో డాలర్లలోకి మార్చి తామే వేయాలి. కాలేజీ తర్వాత ఆదాయ పత్రాలు అడగవచ్చు, దాచి ఉంచుకోండి. అమెరికా ప్రభుత్వం ఎప్పుడో ఇచ్చిన గుర్తింపు సంఖ్య, సోషల్ సెక్యూరిటీ నంబరు, తిరిగి వచ్చేశాక రద్దు కాదు, జీవితాంతం అదే నంబరు. పాత ఫైళ్లలో వెతకండి. అసలెప్పుడూ ఆ నంబరు లేని తల్లి లేదా తండ్రి కూడా ఖాతా తెరవవచ్చు.

మాస్టర్స్ చదవడానికి ఎఫ్-1 విద్యార్థి వీసా మీద వెళ్లేవారికి ఫాఫ్సా లేదు. హెచ్-4 పిల్లలకూ లేదు. మన ఇంట్లో పెద్దమ్మాయి దగ్గరికి మళ్లీ వస్తాను, ఆమె కథ ఇక్కడితో ముగిసేది కాదు.

గీత కాదు, వాలు

మన దగ్గర ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు తహసీల్దారు ఆఫీసు నుంచి ఆదాయ ధ్రువపత్రం తెచ్చుకోవాలి. అక్కడ ఒక గీత ఉంటుంది. ఆదాయం గీతకు ఇవతల ఉంటే సాయం వస్తుంది, అవతల ఉంటే రాదు. ఆ గీత మన బుర్రల్లో ఎంత గట్టిగా పడిపోయిందంటే, సముద్రం దాటాక కూడా చెరగదు. ‘మన జీతాలు చూస్తే మనకేమి ఇస్తారు, నింపడం దండగ’ అనే మాట సాఫ్ట్‌వేర్ ఇళ్లలో తరచుగా వినిపించేది అందుకే.

ఫాఫ్సాలో అలాంటి ఒక్క గీత లేదు. ఒక వాలు ఉంది, దాని మీద రకరకాల సాయాలు రకరకాల ఎత్తుల్లో ఉన్నాయి. అడుగున ఉన్నది పెల్ గ్రాంట్, తిరిగి కట్టనక్కరలేని డబ్బు. 2026–27కు గరిష్ఠం 7,395 డాలర్లు. ఇది తక్కువ ఆదాయం ఉన్న ఇళ్లకే, మంచి జీతాలున్న ఇంటికి ఇది రాదనుకోవడం సబబే. దానికి పైన విద్యార్థి పేరున ఇచ్చే ప్రభుత్వ రుణం ఉంది. అందులో సబ్సిడీ లేని రకానికి, అంటే చదువుతుండగానే వడ్డీ పడేదానికి, ఆదాయంతో పనే లేదు, లక్షల డాలర్లు సంపాదించే ఇంటి పిల్లలకూ ఇస్తారు. మొదటి ఏడాది 5,500, రెండో ఏడాది 6,500, ఆపైన 7,500 డాలర్లు దీని పరిమితి. 2025–26లో వడ్డీ 6.39 శాతం. హామీదారు అక్కరలేదు, విద్యార్థి క్రెడిట్ చరిత్ర చూడరు. ఇంకా పైన, రాష్ట్రాల గ్రాంట్లు, కాలేజీలు సొంతంగా ఇచ్చే సాయాలు ఉన్నాయి. వీటిలో చాలా వాటికి తొలి షరతు ఫాఫ్సా దాఖలు కావడమే. టెక్సస్, ఇల్లినాయ్ వంటి రాష్ట్రాలలో అయితే హైస్కూలు పూర్తి కావాలంటే ఈ ఫారం గాని, రాష్ట్రం పెట్టిన ప్రత్యామ్నాయం గాని నింపాలి, లేదా నింపబోమని రాసి ఇవ్వాలి.

ఒక్క సంఖ్య

ఫారం నింపాక లెక్క తేలేది ఒక సంఖ్య. దాని పేరు స్టూడెంట్ ఎయిడ్ ఇండెక్స్, పొట్టిగా ఎస్ఏఐ. 2023–24 వరకు దీని స్థానంలో ‘కుటుంబం నుంచి ఆశించే వాటా’ అనే పేరు ఉండేది. అంతే కడితే చాలునని జనం అనుకునేవాళ్లు, తీరా కాలేజీ బిల్లు చూసి గుండె పట్టుకునేవాళ్లు. పేరు మార్చడం ఒక విధంగా నిజాయితీ. ఎస్ఏఐ మీరు కట్టే మొత్తం కాదు, మీకు వచ్చే మొత్తమూ కాదు. కాలేజీలు మీ ఇంటిని పోల్చి చూసుకోవడానికి పట్టుకునే కొలబద్ద అది. మైనస్ 1,500 దాకా దిగగలదు, పైకి 9,99,999 దాకా వెళ్లగలదు.

దీని పనితనం ఒక లెక్కతో తెలుస్తుంది. ఎస్ఏఐ 22,000 వచ్చిందనుకుందాం. సొంత రాష్ట్రపు ప్రభుత్వ యూనివర్సిటీలో వసతి, భోజనం కలిపి ఏడాది ఖర్చు 30,000 అయితే, మీ ‘అవసరం’ 8,000. ప్రైవేటు కాలేజీలో ఖర్చు 90,000 అయితే అదే ఇంటికి అవసరం 68,000. ఇల్లు మారలేదు, జీతం మారలేదు, అవసరం ఎనిమిది రెట్లు దాటింది. ఖరీదైన కాలేజీ కొన్నిసార్లు చవక పడడానికి కారణం ఇదే. అయితే తేలిన అవసరాన్నంతా తీరుస్తామని మాట ఇచ్చే కాలేజీలు కొన్నే. మిగిలినవి కొంత ఇచ్చి ఊరుకుంటాయి, ఆ మధ్య ఖాళీ మీదే.

మన ఇళ్లను గట్టిగా తాకిన మార్పు ఒకటి ఉంది. ఇద్దరు పిల్లలు ఒకేసారి కాలేజీలో ఉంటే పాత లెక్కలో తల్లిదండ్రుల వాటాను ఇద్దరికీ పంచేవాళ్లు. 2024–25 నుంచి ఆ పంపకం పోయింది. ఇద్దరు కవల పిల్లల్ని ఒకే ఏడు పంపే ఇంటికీ, ఒక్కరినే పంపే ఇంటికీ ఈ ఫారం దృష్టిలో భేదం లేదు. సరళీకరణ పేరుతో చేసిన పనుల్లో నాకు అన్నిటికన్నా అన్యాయంగా కనిపించేది ఇదే. ఫారంలో ఒకప్పుడు నూటికి పైగా ఉన్న ప్రశ్నలు సగానికన్నా తగ్గాయి, అది మాత్రం మేలు. ఆ కొత్త ఫారం మొదటి ఏడాది అక్టోబరులో రావలసింది కాస్తా 2023 డిసెంబరు 30న, అదీ కొద్ది కొద్ది గంటలు తెరుస్తూ మూస్తూ వచ్చింది. కాలేజీలకు సమాచారం చేరడం మార్చి దాకా మొదలే కాలేదు. ఇప్పుడు కుదురుకుంది. 2026–27 ఫారం 2025 సెప్టెంబరు 24నే తెరిచారు.

ఊళ్లో స్థలం చెప్పాలా

ఇది అందరూ గొంతు తగ్గించి అడిగే ప్రశ్న. చెప్పాలి. ఆస్తి ఏ దేశంలో ఉందన్నది ఫారానికి పట్టదు, ఎవరి పేరున ఉందన్నదే పడుతుంది.

మీరు ఉంటున్న ఇల్లు లెక్కలోకి రాదు. 401కె, ఐఆర్ఏ వంటి పదవీ విరమణ నిధులు రావు. కారు, ఇంట్లో సామాను రావు. ఫారం నింపే రోజున బ్యాంకులో ఉన్న డబ్బు, షేర్లు, మ్యూచువల్ ఫండ్లు, అద్దెకిచ్చిన రెండో ఇల్లు, ఖాళీ స్థలాలు లెక్కలోకి వస్తాయి, వాటి మీద ఉన్న అప్పు తీసేశాక. మియాపూర్‌లో మీ పేరున ఉన్న ఫ్లాటులో అమ్మానాన్నలు ఉంటున్నారనుకోండి, అది వాళ్లకు నివాసమే గాని మీకు కాదు, కాబట్టి చూపాలి. అదే ఫ్లాటు వాళ్ల పేరున ఉంటే మీ ఫారంలో దానికి చోటు లేదు. అన్నదమ్ములతో ఉమ్మడిగా ఉన్న ఆస్తిలో మీ వాటా వరకే మీది. కుటుంబం కాపురముండి సాగు చేసుకునే పొలానికి 2026–27 నుంచి మళ్లీ మినహాయింపు ఇచ్చారు. న్యూజెర్సీలో ఉంటూ తెనాలి దగ్గర కౌలుకిచ్చిన మాగాణికి ఆ మినహాయింపు వర్తిస్తుందనుకోవడం అత్యాశ.

భయం ఎంత ఉండాలో కూడా చూద్దాం. తల్లిదండ్రుల ఆస్తి విలువలో ఎస్ఏఐలోకి చేరేది ఎంత ఎక్కువ వేసుకున్నా 5.64 శాతం. ఊళ్లో స్థలం విలువ 1,15,000 డాలర్లనుకుంటే దానివల్ల ఎస్ఏఐ పెరిగేది సుమారు 6,500. ఆదాయంతో పోలిస్తే ఆస్తి బరువు తక్కువే. పిల్లల పేరున ఉన్న డబ్బు సంగతి అలా కాదు, దానిలో 20 శాతం చేరుతుంది. మనవడి పేరున తాతయ్య ఎంతో ప్రేమగా వేసిన డబ్బు తల్లిదండ్రుల ఖాతాలో ఉండి ఉంటే పడే దెబ్బకన్నా మూడు రెట్లు మించి దెబ్బ వేస్తుంది. చదువు కోసం తల్లిదండ్రులు పెట్టుకున్న 529 ఖాతా మాత్రం తల్లిదండ్రుల ఆస్తిగానే లెక్క. తాతయ్యలు, అమ్మమ్మలు తమ పేరున పెట్టిన 529 నుంచి వచ్చే డబ్బును ఇప్పుడు అడగడమే లేదు.

దాచితే? సంతకం పెట్టే చోటే హెచ్చరిక ఉంటుంది, తప్పుడు సమాచారానికి జరిమానా, జైలు శిక్ష ఉండవచ్చని. వీసాల మీద ఉన్నవాళ్లు ఆ వాక్యాన్ని ఇంకొక్కసారి చదువుకోవడం మంచిది.

పేరు, ఖాతా, సమ్మతి

మొదట విద్యార్థి తన ఈమెయిల్‌తో, తన ఫోనుతో స్టూడెంట్‌ఎయిడ్ ఖాతా తెరవాలి. బడి ఇచ్చిన ఈమెయిల్ వద్దు, హైస్కూలు అయ్యాక అది పనిచేయకపోవచ్చు. తల్లి లేదా తండ్రి తన ఈమెయిల్‌తో వేరే ఖాతా తెరవాలి. దంపతులు కలిసి పన్ను దాఖలు చేసి ఉంటే ఇద్దరిలో ఒక్కరు చాలు. విడివిడిగా దాఖలు చేస్తే ఇద్దరూ కావాలి. విడాకులైన ఇళ్లలో గడచిన 12 నెలల్లో బిడ్డకు ఎవరు ఎక్కువ ఖర్చు పెట్టారో వాళ్లు. తల్లిదండ్రులతో ఉండడం లేదు, పన్నుల్లో వాళ్లు నన్ను తమ మీద ఆధారపడినవాడిగా చూపడం లేదు అని చెప్పి విద్యార్థి ‘స్వతంత్రుడు’ అనిపించుకోలేడు. 2026–27కు స్వతంత్రుడు కావాలంటే 2003 జనవరి 1కి ముందు పుట్టి ఉండాలి, లేదా పెళ్లి, సైన్యంలో సేవ వంటి నిర్దిష్ట కారణం ఉండాలి.

ఖాతా తెరిచేటప్పుడు పేరు, పుట్టిన తేదీ, సోషల్ సెక్యూరిటీ నంబరు ఆ శాఖ రికార్డులతో సరిపోలాలి. తెలుగు పేర్లు ఇక్కడ బాగా ఇబ్బంది పెడతాయి. వెంకట సాయి శ్రీహర్షలో ఏ ముక్క మొదటి పేరు, ఏది మధ్య పేరు, ఇంటిపేరు ముందా వెనకా, ఒకచోట ఖాళీ వదిలి రాశారా, కలిపి రాశారా అన్నది పాస్‌పోర్టులో ఒకలా, సోషల్ సెక్యూరిటీ కార్డు మీద ఒకలా ఉండడం మన ఇళ్లలో మామూలు. ఇక్కడ ప్రమాణం ఆ కార్డు. దాన్ని చేతిలో పెట్టుకుని అక్షరం అక్షరం చూసి రాయండి. పిల్లవాడు కాలేజీ ప్రవేశ దరఖాస్తులో కూడా అదే పేరు, అదే నంబరు ఇవ్వాలి. ఎందుకో కింద వస్తుంది.

విద్యార్థి తన భాగం పూర్తిచేసి తల్లికో తండ్రికో ఆహ్వానం పంపుతాడు. వాళ్లు తమ ఖాతాలోంచి లోపలికి వచ్చి, పన్నుల శాఖ నుంచి సమాచారం నేరుగా తెచ్చుకోవడానికి సమ్మతి ఇచ్చి, తమ భాగం నింపి సంతకం పెడతారు. 2026–27 ఫారానికి వచ్చేది 2024 పన్నుల లెక్క. సమ్మతి ఇవ్వకుండా అంకెలన్నీ మేమే చేత్తో వేస్తామంటే కుదరదు. ఒక్క కాంట్రిబ్యూటర్ సమ్మతి లేకపోయినా ఎస్ఏఐ లెక్కే కట్టరు, ప్రభుత్వ సాయం సున్నా. అమెరికాలో పన్ను దాఖలు చేయనివాళ్లు కూడా సమ్మతి ఇవ్వాల్సిందే. ఏముందని సమ్మతి అనిపిస్తుంది, అయినా ఇవ్వాలి.

ఇక్కడ చాలామంది బోల్తా పడతారు. విద్యార్థి తన భాగం మీద సంతకం పెట్టగానే అయిపోయిందనుకుంటాడు. తల్లిదండ్రుల భాగం ఈమెయిల్‌లో చదవని ఉత్తరంగా పడి ఉంటుంది. అందరి సంతకాలూ పడి, సమర్పించినట్టు నిర్ధారణ తెర మీద కనిపించాకే దరఖాస్తు కదులుతుంది.

కాలేజీలకు పంపడం

ఫారంలో 20 కాలేజీల దాకా పెట్టవచ్చు. ఒకప్పుడు 10 మాత్రమే. ప్రతి కాలేజీకీ ఆరు అక్షరాల కోడు ఉంటుంది. కోడు క్యాంపస్‌ను బట్టి మారవచ్చు. కాలిఫోర్నియా యూనివర్సిటీలో బర్క్‌లీది 001312, లాస్ ఏంజెలెస్‌ది 001315. ఒకదానికి పంపితే రెండోదానికి చేరదు. పెన్సిల్వేనియా యూనివర్సిటీ, పెన్ స్టేట్ ఒకటి కావు. ఫ్లోరిడాలో ఉన్నది మయామీ యూనివర్సిటీయే, ఒహాయోలో ఉన్నదీ మయామీ యూనివర్సిటీయే. పేరు వెతికి మొదట కనిపించినదాన్ని నొక్కే ముందు ఊరు, రాష్ట్రం చూడండి.

సీటు వచ్చాక పెడదామని ఆగవద్దు. దరఖాస్తు చేయబోతున్న కాలేజీలన్నీ ముందే పెట్టవచ్చు, మనసు మారితే తీసేయవచ్చు. జాబితాలో ఇంకా ఎవరున్నారో ఏ కాలేజీకీ కనిపించదు. వరసలో ముందు పెట్టామా వెనక పెట్టామా అన్నదీ కాలేజీలకు తెలియదు. కొన్ని రాష్ట్రాలు మాత్రం తమ గ్రాంటు ఇవ్వాలంటే తమ రాష్ట్రపు కాలేజీ జాబితాలో ముందుండాలని కోరతాయి, అందుకని సొంత రాష్ట్రానివి పైన పెట్టడం క్షేమం. 20 దాటితే, ఫారం ప్రాసెస్ అయ్యాక కొన్నిటిని తీసి వేరేవి చేర్చవచ్చు.

ప్రాసెస్ కావడానికి సాధారణంగా కొద్ది రోజులే పడుతుంది. అప్పుడు విద్యార్థికి ఒక సారాంశ పత్రం వస్తుంది, కాలేజీలకు పూర్తి రికార్డు వెళుతుంది, రాష్ట్ర సంస్థకూ అందుతుంది. పంపడం అయిపోయింది గాని అందడం వేరు. కాలేజీ తన దగ్గర ఉన్న ప్రవేశ దరఖాస్తుతో ఈ రికార్డును పేరు, పుట్టిన తేదీ, నంబరు చూసి జత కలుపుకోవాలి. అక్కడ ఇంటిపేరు ముందు, ఇక్కడ వెనక ఉంటే రెండు కాగితాలూ ఒకే భవనంలో వేర్వేరు సొరుగుల్లో నిద్రపోతాయి. ప్రతి కాలేజీ విద్యార్థికి ఇచ్చే పోర్టల్‌లోకి వెళ్లి ఫాఫ్సా అందినట్టు గుర్తు పడిందో లేదో చూడాలి. పదిహేను రోజులైనా పడకపోతే విద్యార్థే కాలేజీలో ఆర్థిక సాయం చూసే ఎయిడ్ ఆఫీసుకు ఈమెయిల్ రాయాలి. అదే పోర్టల్‌లో అదనపు పత్రాలు అడగవచ్చు. వెరిఫికేషన్ అంటారు దాన్ని, అనుమానించి అడిగారని నొచ్చుకోనక్కరలేదు, అది తనిఖీ మాత్రమే. ఇవ్వకపోతే మాత్రం ఫైలు కదలదు.

గడువులు మూడు రకాలు. కేంద్ర ప్రభుత్వానిది ఉదారమైన గడువు, 2026–27 ఫారానికి 2027 జూన్ 30. దాన్ని చూసి తీరుబడిగా కూర్చున్నవాళ్లు నష్టపోతారు. రాష్ట్రాల గడువు ముందుంటుంది, కాలిఫోర్నియాలో సాధారణంగా మార్చి 2, టెక్సస్ ప్రభుత్వ యూనివర్సిటీల ప్రాధాన్య గడువు జనవరి 15. కాలేజీల సొంత గడువు ఒక్కోసారి ఇంకా ముందు, తొందరగా నిర్ణయం కోరేవారికి నవంబరులోనే.

రెండో ఫారం, పెద్దమ్మాయి

ప్రైవేటు కాలేజీలు చాలా వాటికి, మిషిగన్ యూనివర్సిటీ వంటి కొన్ని ప్రభుత్వ యూనివర్సిటీలకు ఫాఫ్సా ఒక్కటే సరిపోదు. కాలేజ్ బోర్డు నడిపే సీఎస్ఎస్ ప్రొఫైల్ కూడా కావాలి. మొదటి కాలేజీకి 25 డాలర్లు, ఆపైన ఒక్కోదానికి 16. ఆదాయం లక్ష డాలర్ల లోపు ఉన్న అమెరికా కుటుంబాలకు ఉచితం. ఫాఫ్సా వదిలేసినవన్నీ ఇది అడుగుతుంది: ఉంటున్న ఇంటి విలువ, పదవీ విరమణ నిధులు, చాలా కాలేజీలకు విడిపోయిన తల్లిదండ్రులిద్దరి వివరాలు. ఇద్దరు పిల్లల చదువు ఒకేసారి నడుస్తున్న సంగతిని పట్టించుకునే కాలేజీలు దీని ద్వారానే పట్టించుకుంటాయి.

హెచ్-4 పెద్దమ్మాయికి ఉన్న దారుల్లో ఒకటి ఇది. సీఎస్ఎస్ ప్రొఫైల్‌కు పౌరసత్వంతో పని లేదు. హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, ఎంఐటీ, ఆమ్‌హర్‌స్ట్, డార్ట్‌మత్ వంటి కొన్ని కాలేజీలు విదేశీ విద్యార్థి సాయం అడిగాడన్న కారణంతో సీటు నిరాకరించవు, అవసరమంతా తీరుస్తాయి. ఎంఐటీలో 2025 నుంచి మామూలు ఆస్తులున్న, రెండు లక్షల డాలర్ల లోపు ఆదాయం ఉన్న ఇళ్లకు ట్యూషన్ ఫీజు లేదు. వాటిలో సీటు దొరకడమే దుర్లభం, ఆ సంగతి వేరే చెప్పాలా. చాలామంది హెచ్-4 పిల్లలకు నిజంగా అక్కరకు వచ్చేది సొంత రాష్ట్ర నివాసులకు ఉండే ఫీజు. టెక్సస్‌తో సహా పలు రాష్ట్రాలలో హెచ్-4 మీద ఉన్నవారు నివాసులుగా అర్హత పొందగలరు. అది ఫాఫ్సా ఆఫీసులో కాదు, యూనివర్సిటీ రిజిస్ట్రార్ దగ్గర తేలే విషయం. 21 ఏళ్లు నిండాక ఎఫ్-1కు మారితే ఆ ఫీజు ఏమవుతుందో చేరేముందే అక్కడ రాతపూర్వకంగా అడిగి తెలుసుకోవాలి.

జవాబు వచ్చాక

మార్చి, ఏప్రిల్‌లో కాలేజీలు పంపే సాయం పత్రాలు పెళ్లి శుభలేఖల్లా అందంగా ఉంటాయి. గ్రాంటు, రుణం, క్యాంపస్‌లో పని, అన్నీ ఒకే నిలువు వరసలో కూడి కింద పెద్ద మొత్తం వేస్తారు. ఒక పెన్ను తీసుకుని రుణాల మీద గీత కొట్టండి, పని మీద కొట్టండి. మిగిలింది సాయం. మొత్తం ఖర్చులోంచి దాన్ని తీసేస్తే వచ్చేది ధర. కాలేజీలను పోల్చాల్సింది ఆ ధరతో.

తల్లిదండ్రుల పేరున ఇచ్చే పేరెంట్ ప్లస్ రుణం తీసుకోవాలంటే ఆ తల్లి లేదా తండ్రికి కూడా పౌరసత్వమో గ్రీన్ కార్డో ఉండాలి, కాబట్టి మన ఉదాహరణలో తండ్రికి అది రాదు. 2026 జూలై 1 నుంచి కొత్తగా తీసుకునేవారికి దీనికి పరిమితి కూడా పెట్టారు, ఒక్కో విద్యార్థికి ఏడాదికి 20,000, మొత్తం మీద 65,000 డాలర్లు. తల్లిదండ్రుల వలస స్థితి వల్ల ఆ రుణం అందనప్పుడు విద్యార్థికే అదనపు సబ్సిడీ లేని రుణం ఇచ్చే వెసులుబాటు కాలేజీ ఎయిడ్ ఆఫీసుకు ఉంది. అలా అయితే మొదటి ఏడాది 4,000 దాకా ఎక్కువ రావచ్చు. అడిగినవాళ్లకే దొరికే సంగతి ఇది.

ఉద్యోగం పోయిందనుకోండి. ఫారంలో ఉన్నది 2024 జీతం, 2026లో ఇంట్లో జీతమే లేదు. ఫారంలో అంకెలు మార్చకూడదు, అవి ఆ ఏటివి, నిజమైనవి. కాలేజీ ఎయిడ్ ఆఫీసుకు ఉత్తరం రాసి, తొలగింపు పత్రం, ఆఖరి జీతపు రసీదు జతచేసి ప్రొఫెషనల్ జడ్జిమెంట్ కోరాలి, అంటే ఇప్పటి పరిస్థితిని చూసి లెక్క సవరించమని అడగాలి. ఏ ఆఫీసుకు ఆ ఆఫీసుకు విడిగా రాయాలి, ఒక కాలేజీ నిర్ణయం ఇంకొకదాన్ని కట్టిపడేయదు. వైద్య ఖర్చులు, కుటుంబంలో మరణం కూడా ఇలా చెప్పుకోదగ్గ కారణాలే.

ఆ ఉత్తరం పోర్టల్‌లో విద్యార్థి ఖాతా నుంచే వెళ్లాలి. తండ్రి ఫోను చేసి బిల్లు గురించి అడిగితే అవతలివాళ్లు మర్యాదగానే, ఏమీ చెప్పలేమంటారు. 1974 నాటి ఫెర్పా చట్టం ప్రకారం కాలేజీలో చేరిన క్షణం నుంచి ఆ రికార్డులపై హక్కు విద్యార్థిది. తండ్రి మాట్లాడాలంటే కొడుకు పోర్టల్‌లో అనుమతి పత్రం మీద సంతకం పెట్టాలి. రుణం తీసుకునేముందు చేసే కౌన్సెలింగ్ కూడా వాడే కూర్చుని చేయాలి, వాగ్దాన పత్రం మీద సంతకమూ వాడిదే. తర్వాతి ఏడాదికి ఇదంతా మళ్లీ మొదలవుతుంది, ఫాఫ్సా ఏటేటా నింపాల్సిందే. 2027–28 ఫారంలోకి 2025 పన్నుల లెక్క వస్తుంది, తండ్రికి మళ్లీ ఆహ్వానం వెళుతుంది. ఈమెయిల్‌లో స్పామ్ పెట్టె కూడా చూసుకోమని కొడుకు ఆయనకు చెప్పాలి.